కర్రీ పాయింట్ ముందు పెట్టిన స్టాండీ కార్పొరేషన్ వాళ్ళు ఎత్తుకెళ్ళారు, ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో లోపలి రోడ్డు మీద కర్రీ పాయింట్ పెట్టారు. షాపు సందులో ఉండటంతో ఎవరికీ కనిపించడం లేదని, మెయిన్ రోడ్డు మలుపులో కరెంటు స్తంభానికి బాణం గుర్తుతో ఒక ఫ్లెక్సీ కట్టారు. షాపు ముందు ఫుట్‌పాత్ మీద ఒక స్టాండీ నిలబెట్టారు. మూడో వారంలో కార్పొరేషన్ వాళ్ళు బండిలో వచ్చి రెండూ వేసుకుపోయారు. పోతూ పోతూ మీ నేమ్ బోర్డు మీద కన్నడ చిన్నగా ఉందని కూడా అన్నారు. బిల్డింగ్ ఓనరేమో "ఏం కాదు, మళ్ళీ కట్టుకోండి" అంటున్నాడు. పక్క షాపాయన "నెలనెలా ఎవరో ఒకరి చేతిలో పెడితే సరిపోతుంది" అంటున్నాడు. పర్మిషన్ ఎక్కడ తీసుకోవాలి, ఎంతవుతుంది అన్నది మీ ప్రశ్న.

నాది హిందూపురం. బెంగళూరులో ఇరవై రెండేళ్ళుగా బోర్డుల పని చేస్తున్నాను. మొదట బ్రష్షు పట్టాను, తర్వాత ఫ్లెక్సీ మెషీన్ కొన్నాను, ఇప్పుడు ఏసీపీ షీటు (అల్యూమినియం పలక), ఎల్ఈడీ అక్షరాల మీద బతుకుతున్నాను. లాయర్‌ని కాను. కానీ ఏ బోర్డు నిలబడుతుందో, ఏది మూడో వారంలో లారీ ఎక్కుతుందో నా చేతుల మీదుగా చూశాను కాబట్టి ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా మీకు నచ్చని మాట చెప్పేస్తాను. మీరు పెట్టిన ఆ రెండింటికీ పర్మిషన్ దొరకదు. డబ్బు ఎంత కట్టాలన్న ప్రశ్న తర్వాత, అసలు చిన్న షాపువాడికి కరెంటు స్తంభం మీద బాణం గుర్తు కట్టుకోమని రాసిచ్చే కౌంటరే లేదు. స్తంభం కరెంటు సంస్థ బెస్కాంది, ఫుట్‌పాత్ నడిచేవాళ్ళది. బస్ షెల్టర్ల మీద, మెట్రో స్తంభాల మీద కనిపించే యాడ్‌లు టెండర్లలో హక్కులు కొనుక్కున్న ఏజెన్సీలవి. వాళ్ళ రేట్లు కర్రీ పాయింట్ లెక్కలో వేసేవి కావు. కాబట్టి పర్మిషన్ కోసం తిరిగే వారం రోజులూ మీ షటర్ పైన ఉన్న బోర్డు మీద పెట్టండి. మీకు నిజంగా హక్కున్న జాగా అదొక్కటే.

నేను కస్టమర్లకు చెప్పే లెక్క చాలా సింపుల్‌గా ఉంటుంది. షటర్ దింపాక నేల మీద పడే గీత ఉంది చూడండి, దానికి లోపల మీ రాజ్యం. ఆ గీత దాటి అంగుళం బయటికి వచ్చినా అది ఇంకొకరి జాగా. ఇది నేను కనిపెట్టింది కాదు. కర్ణాటక మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 1976 నాటిది. రోడ్డుకు కనిపించేలా ప్రకటన పెట్టాలంటే కమిషనర్ రాతపూర్వక అనుమతి కావాలని ఒకపక్క చెబుతూనే, ఆ బిల్డింగ్‌లోనే నడిచే వ్యాపారానికి సంబంధించిన బోర్డుకు ప్రకటన పన్ను వేయకూడదని మినహాయింపు ఇచ్చింది. తర్వాత 2020లో బెంగళూరు నగర కార్పొరేషన్ అయిన బీబీఎంపీకి సొంత చట్టం వచ్చింది. ఇప్పుడు బీబీఎంపీ కూడా పోయి 2025 సెప్టెంబర్ నుంచి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీది బెంగళూరు ఈస్ట్ కిందికి వస్తుంది. ఆఫీసు బోర్డులు మారాయి గానీ, వచ్చి చూసే ఉద్యోగి మనసులో గీత మాత్రం అదే. ఇది షాపు పేరా, లేక యాడ్‌నా? పేరైతే మాట్లాడడు, యాడ్ అయితే కాగితం అడుగుతాడు.

ఇక్కడే చాలామంది ఇంకో చోట దొరికిపోతారు. కూల్‌డ్రింక్ కంపెనీవాళ్ళో, మసాలా పొడి కంపెనీవాళ్ళో వచ్చి "బోర్డు ఫ్రీగా చేయిస్తాం సార్" అంటారు. మూడొంతులు వాళ్ళ బ్రాండు, ఓ మూలకు మీ పేరు. ఫ్రీ కదా అని ఒప్పుకుంటాం. అప్పుడది మీ నేమ్ బోర్డు కాదు, వాళ్ళ యాడ్. నోటీసు మాత్రం మీ షాపు అడ్రస్‌కు వస్తుంది. నేను అలాంటివి చేసిచ్చాను కూడా, దాచడమెందుకు. ఈ మధ్య అడిగినవాళ్ళకు వద్దనే చెబుతున్నాను.

మీ ఓనర్ "ఏం కాదు" అన్నమాట నమ్మకండి. "గోడ నాది, నేను ఒప్పుకున్నాను" అంటే చెల్లదు. కర్ణాటకలో 1981 నాటి చట్టం ఒకటుంది, బహిరంగ ప్రదేశాలను పాడు చేయడం గురించి. దాని ప్రకారం గోడ, కంచె, చెట్టు, స్తంభం ఏదైనా సరే, ప్రైవేటుదైనా సరే, రోడ్డున పోయేవాడికి కనిపిస్తే చాలు. అనుమతి లేకుండా అక్కడ రాసినా, అంటించినా ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. వెయ్యి రూపాయలే కదా అని నవ్వకండి. అది క్రిమినల్ కేసు, కోర్టుకు తిరగాలి. పైగా ఆ అంటింపు ఎవరి లాభం కోసం జరిగిందో వాళ్ళ మీద కూడా కేసు పడుతుంది. "పాంప్లెట్లు పంచే కుర్రాడు తనకు తోచినచోట అంటించాడండీ, నాకు తెలీదు" అంటే, తెలీదని నిరూపించుకోవాల్సింది మీరే. పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో మీ ఫోన్ నంబరు ఉంటుంది, ఇంక వెతుక్కునే పని కూడా ఉండదు వాళ్ళకు. పీజీ హాస్టళ్ళ వాళ్ళు ఇలాగే దొరుకుతుంటారు.

చెట్టుకు మేకు కొట్టడం మాత్రం జన్మలో చేయకండి. ఇక్కడ ఆదివారం పొద్దున పటకార్లు పట్టుకుని చెట్లకున్న మేకులు పీకే వాలంటీర్లు ఉన్నారు. పీకిన బోర్డును ఫోటో తీసి ఊరంతా తిప్పుతారు. మీ కూరల పేరు అలా తెలియడం మంచిది కాదు.

ఫ్లెక్సీ సంగతికొస్తే, ఎక్కడ కట్టారన్నదే కాదు, అసలు ఆ సరుకే నిషేధంలో ఉంది. 2016 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం ప్లాస్టిక్ కవర్లతో పాటు ఫ్లెక్సీలు, బ్యానర్లు, ప్లాస్టిక్ తోరణాలు కూడా నిషేధించింది. రెండేళ్ళ పాటు ఎవరూ పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. 2018 ఆగస్టు 1న హైకోర్టుకు ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నం రెండున్నర లోపు సిటీలో ఉన్న అక్రమ ఫ్లెక్సీలన్నీ తీసేయాలని బీబీఎంపీకి చెప్పింది. ఆ రోజు నేను షాపులోనే ఉన్నాను. పొద్దున మెషీన్ మీదున్న ఆర్డర్ సాయంత్రానికి ఎవరూ తీసుకెళ్ళలేదు. ఫోన్ చేస్తే "అన్నా, మీ దగ్గరే ఉంచండి" అని పెట్టేశారు. వారం తిరక్కుండా బీబీఎంపీ కౌన్సిల్ సిటీలో బయటి ప్రకటనలనే నిషేధించేసింది. అప్పుడు మిగిలిపోయిన ఒక పెద్ద పుట్టినరోజు ఫ్లెక్సీ ఇంకా మా గోడౌన్‌లో ఉంది. వెనక్కి తిప్పి వానకు పట్టాలా వాడుతున్నాం. తిరగేసిన ప్రతిసారీ ఆ లీడర్‌గారు మమ్మల్ని చూసి నమస్కారం పెడతారు.

"మరి లీడర్ల ఫ్లెక్సీలు ఇప్పటికీ కనిపిస్తున్నాయి కదా, నాదే ఎందుకు తీశారు" అని మీరు అడిగింది న్యాయమే. కానీ వాళ్ళను కూడా అసలు ముట్టుకోరని కాదు. 2023 ఆగస్టులో మాజీ ముఖ్యమంత్రి దేవరాజ అరసు జయంతికి కాంగ్రెస్ ఆఫీసు ముందు బ్యానర్ కడితే బీబీఎంపీ 50,000 రూపాయలు జరిమానా వేసింది. అప్పుడు అధికారంలో ఉన్నది ఆ పార్టీయే, ప్రభుత్వంలో బెంగళూరు అభివృద్ధి మంత్రి పదవి కూడా ఆ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడి చేతిలోనే ఉంది. లీడర్ ఫ్లెక్సీకి జరిమానా పడితే కట్టేవాళ్ళు పది మంది వస్తారు. మీకు పడితే కట్టాల్సింది మీ గల్లాపెట్టే.

ఇక మీ బోర్డు మీద కన్నడ. మీరు దీన్ని చివర్లో ఒక్క వాక్యంలో రాశారు గానీ, నా దృష్టిలో మీ సమస్యల్లో అసలైనది ఇదే. స్టాండీ పోతే రెండు వేలో మూడు వేలో పోతాయి. ఇది ట్రేడ్ లైసెన్సు దాకా పోతుంది. 2023 డిసెంబర్ 27న కన్నడ సంఘాలవాళ్ళు ఊరంతా తిరిగి ఇంగ్లీషు బోర్డులు పగలగొట్టిన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. ఆ తర్వాత బీబీఎంపీ 2024 ఫిబ్రవరి 28 గడువు పెట్టింది. అదే ఫిబ్రవరిలో అసెంబ్లీలో కన్నడ భాషా సమగ్ర అభివృద్ధి చట్టానికి సవరణ తెచ్చారు. నేమ్ బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి, అదీ బోర్డు పైసగంలో కనిపించాలి. తెలుగు పెట్టకూడదని ఎక్కడా లేదు. కింద పెట్టుకోవాలి, అంతే.

60 శాతం అంటే చాలామంది డిజైనర్లు కళ్ళతో అంచనా వేస్తారు. టేపు పెట్టి కొలవండి. మీ షటర్ పది అడుగులు, బోర్డు ఎత్తు మూడడుగులు అనుకుందాం. మొత్తం ముప్పై చదరపు అడుగులు, అందులో పద్దెనిమిది కన్నడకు పోవాలి. బోర్డు ఎత్తు 36 అంగుళాలు కదా, పై నుంచి 22 అంగుళాల పట్టీ కన్నడకు వదిలేయండి. మిగిలిన 14 అంగుళాల్లో ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు. రెండు పట్టీలకూ రంగు వేరేగా పెట్టిస్తే వచ్చినవాడు టేపు తీయకుండానే చూసి వెళ్ళిపోతాడు. కన్నడను పైన పెట్టి, సన్నటి అక్షరాలతో, ఇంగ్లీషును కింద లావుగా పెట్టే తెలివి వద్దు. అది చూడగానే తెలిసిపోతుంది, కోపం కూడా ఎక్కువొస్తుంది.

ఇప్పుడు అక్షరం సైజు. మా పనిలో పాత లెక్క ఒకటుంది, అక్షరం ఒక్కో అంగుళం ఎత్తుకు పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చని. ఇంగ్లీషుకు ఆ లెక్క సరిపోతుంది. కన్నడకు, తెలుగుకు పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. మీ షాపు పేరులో "నెల్లూరు" ఉంది, అందులో లకు ఒత్తు, ఆపైన దీర్ఘం. 22 అంగుళాల పట్టీలో పైనా కిందా గాలి వదిలి, ఒత్తుకు జాగా ఇస్తే అసలు అక్షరానికి మిగిలేది తొమ్మిది, పది అంగుళాలు. అంటే తొంభై, వంద అడుగుల నుంచి కనిపిస్తుంది. మీ సందు మలుపు అంతకంటే దగ్గరే ఉంటే మలుపులో బాణం గుర్తు అక్కర్లేదు. ఎక్కువ దూరమైతే బోర్డు ఎత్తు పెంచుకోండి గానీ, పేరు ముందు "శ్రీ", వెనక "వారి", మధ్యలో "అసలు సిసలైన" అంటూ అక్షరాలు పెంచకండి. ఒక్కో మాట పెరిగే కొద్దీ మిగతావన్నీ చిన్నవైపోతాయి.

కన్నడ రాయించేటప్పుడు కన్నడ ఇంట్లో పుట్టినవాళ్ళకు ఒక్కసారి చూపించండి. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయని మనవాళ్ళు ధైర్యం చేస్తారు. తెలుగు తలకట్టు మీద కన్నడ దీర్ఘం పెట్టిన బోర్డులు నేను కళ్ళారా చూశాను. ఒక మెస్సు బోర్డు మీద దీర్ఘం ఎగిరిపోయి "ఊట" కాస్తా "ఉట" అయింది. మనకు ఊట అంటే బావిలో ఊరే నీళ్ళు, వాళ్ళకు భోజనం. ఉట అంటే ఎవరికీ ఏమీ కాదు. ఎల్ఈడీ అక్షరాలు కదా, మళ్ళీ చేయించేసరికి ఆయనకు నెల లాభం పోయింది. ఆ ప్రూఫు చూసి ఓకే చెప్పింది ఆయనే, చేసింది నేనే. ఇద్దరం కన్నడ చదవగలం అనుకున్నాం.

షాపు పేరు మాత్రం అనువాదం చేయకండి. ట్రేడ్ లైసెన్సు మీద, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) కాగితం మీద ఏ పేరుందో అదే పేరు కన్నడ లిపిలో రాయాలి. పేరు కింద రాసే మాటలు మాత్రం అనువాదం చేయండి. "చేపల పులుసు" అని కన్నడ లిపిలో రాస్తే కన్నడవాళ్ళకు ఎక్కదు. "మీను సారు" అంటే ఆగి చూస్తారు. "అమ్మ చేతి వంట" అనే బదులు "అమ్మన కైరుచి" అనండి, వాళ్ళ ఇంట్లో అనుకునే మాట అది. మన తెలుగువాళ్ళు బోర్డు లేకపోయినా గోంగూర వాసనకు వస్తారు. బోర్డు ఎవరికోసమో వాళ్ళకు అర్థమవ్వాలి కదా.

సరుకు విషయం త్వరగా చెబుతాను. బ్యాక్‌లిట్ ఫ్లెక్సీ వద్దు. ఏసీపీ షీటు మీద అక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్ఈడీ పెట్టించండి. మీ వ్యాపారం రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర మధ్య కదా, వెలుగు లేని బోర్డు ఆ టైముకు లేనట్టే. గోడకు అడ్డంగా రోడ్డు మీదికి పొడుచుకొచ్చే గ్లో సైన్ బాక్సు అడుగుతారేమో, చేయను. ఒకసారి కస్టమర్ బతిమాలితే చేసిచ్చాను. మే నెలలో ఇక్కడ సాయంత్రం గాలివాన ఎలా వస్తుందో ఈ ఏడాది మీరే చూస్తారు. ఆ గాలికి బాక్సు ఊడి కింద ఆపిన బైకు ట్యాంకు మీద పడింది. బైకు మీద మనిషి లేడు కాబట్టి ట్యాంకు ఖర్చుతో బయటపడ్డాం. నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

పక్క షాపాయన చెప్పిన నెలవారీ సలహా గురించి. యూనిఫాం వేసుకున్నవాళ్ళందరూ జరిమానా వేసేవాళ్ళు కారు, ప్యాంటు చొక్కాలో వచ్చినవాళ్ళందరూ కార్పొరేషన్‌వాళ్ళూ కారు. ఎవరైనా డబ్బు అడిగితే ఐడీ కార్డు చూపించమనండి, "రసీది కొడి సార్" అనండి. గొడవ పడక్కర్లేదు, నవ్వుతూనే అనండి. నిజమైన జరిమానాకు నంబరు ఉన్న రసీదు ఉంటుంది. రసీదు లేకుండా ఒకసారి ఇస్తే మీరు ఆయన లిస్టులోకి ఎక్కినట్టే, వచ్చే నెల ఇంకొకాయన కూడా వస్తాడు. డౌటు ఉంటే కార్పొరేషన్ హెల్ప్‌లైన్ 1533కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, నంబరు రాసి పెట్టుకోండి. తీసుకెళ్ళిన స్టాండీ కోసం తిరగకండి, ఆటో ఖర్చులకే దాని ఖరీదు అవుతుంది. అది మళ్ళీ ఫుట్‌పాత్ మీద పెట్టడానికే కదా తెచ్చుకునేది?

ఈలోగా మూడు కాగితాలు చూసుకోండి. ట్రేడ్ లైసెన్సు ఈ ఆర్థిక సంవత్సరానికి రెన్యూ అయి ఉందా, దాని మీద పేరు, బోర్డు మీద పేరు ఒకటేనా, ఎఫ్ఎస్ఎస్ఏఐ సర్టిఫికెట్ కౌంటర్ వెనక కనిపించేలా పెట్టారా. బోర్డు మాట్లాడటానికి వచ్చినవాడు లైసెన్సు లేదని కనిపెడితే ఇక బోర్డు మాటే ఎత్తడు. కొత్త బోర్డు పెట్టాక తేదీ కనిపించేలా ఎదురుగా నిలబడి ఫోటో తీసి దాచుకోండి. తర్వాత నోటీసేదైనా వస్తే ఆ ఫోటో అంటించి, రెండు ముక్కల్లో జవాబు రాసి ఇచ్చి, మీ కాపీ మీద ఆఫీసు సీలు వేయించుకోండి.

జనానికి తెలియడం ఎలా అంటారు. మీ చుట్టూ ఎన్ని అపార్ట్‌మెంట్లు! అసోసియేషన్ సెక్రటరీని కలిసి నోటీసు బోర్డులో ఒక కాగితం, శనివారం సాయంత్రం గేటు లోపల ఒక టేబుల్ అడగండి. అది వాళ్ళ జాగా, వాళ్ళ అనుమతి చాలు. మీ దగ్గర గుత్తి వంకాయ కూర బాగుంటుందని రాశారు కదా, చిన్న గిన్నెలో తీసుకెళ్ళండి, కాగితం కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. పాంప్లెట్లు పేపరుతో పాటు వేయించండి, చేతికివ్వండి, గోడకు మాత్రం వద్దు. మలుపులో ఉన్న టీ కొట్టు కౌంటర్ మీద మీ కార్డులు పెట్టమనండి. గూగుల్ మ్యాప్‌లో పిన్ సరిగ్గా షటర్ మీద పడిందో లేదో డెలివరీ కుర్రాడిని అడిగి చూడండి, సందుల్లో అది పక్క వీధికి పోతుంటుంది. ఆటో వెనక యాడ్ వేయించాలనుకుంటే దానికి ఆర్టీఓ అనుమతి వేరే ఉంటుంది. ఆటో అన్న ఒప్పుకున్నాడని వేయించేయకండి.

బోర్డు లేఅవుట్ కావాలంటే గీసిస్తాను, డబ్బులేం వద్దు. షటర్ వెడల్పు, షటర్ పైనుంచి స్లాబు దాకా ఎత్తు, రెండూ అంగుళాల్లో కొలిచి ఇక్కడే రాయండి. రోడ్డుకు అటువైపు నిలబడి ఒక ఫోటో పెట్టండి. షాపు ముందు నుంచి కరెంటు వైరు ఏదైనా పోతుంటే అది కూడా ఫోటోలో పడాలి, బోర్డు ఎత్తు దాన్నిబట్టే తేల్చాలి.